ఆ రేసులో సొట్ట కారుకు చోటు లేదు

కారు రేసు అనగానే నా కళ్లముందు మెదిలేవన్నీ సినిమా దృశ్యాలే. ఒక కారు ఇంకో కారును గుద్దుతుంది, అది గాల్లోకి లేచి పల్టీలు కొడుతుంది, హీరో వెనక్కి తిరిగైనా చూడడు. అందుకే కిందటి వేసవిలో అమెరికా వెళ్లినప్పుడు మా అన్నయ్య కొడుకు ‘బాబాయ్, శనివారం కార్ల రేసుకు పోదామా’ అనగానే ఎగిరి గంతేశాను. రెండు మూడు కార్లయినా నుజ్జునుజ్జు కాకపోతాయా అని లోపల ఓ ఆశ. తీరా అక్కడికెళ్లాక నాకు మొట్టమొదట కనిపించింది ఏంటో తెలుసా... మోకాళ్ల మీద కూర్చుని, మెత్తటి గుడ్డతో కారు బంపరు తుడుచుకుంటున్న ఓ నడివయసు పెద్దమనిషి!

మావాడు ఉండేది కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్ దగ్గర. బీమా కంపెనీలకు పేరుమోసిన ఊరు అది. మనవాళ్లు చాలామందిలాగే వాడూ ఓ బీమా కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగి. నేను వెళ్లడానికి రెండు వారాల ముందు, కూరగాయల దుకాణం పార్కింగులో వాడి కొత్త కారుకు ఎవరో తగిలించి వెళ్లిపోయారట. వెనక తలుపు మీద జానెడు గీత, బొటనవేలంత సొట్ట.

‘గీత పడిందని కాదు బాబాయ్. వైపరు కింద పేరూ ఫోన్ నంబరూ రాసి ఓ చీటీ పెట్టి వెళ్లాలి కదా. ఆ మాత్రం చేయలేదు చూడు, అదీ నా బాధ’ అన్నాడు.

నేను ఏమీ అనలేదు. ఎందుకు అనలేదో చివర్లో చెబుతాను.

ఇనుము కరిగిన ఊరు

హార్ట్‌ఫర్డ్ నుంచి గంటకు పైగా ప్రయాణం. పెద్ద రోడ్డు దాటాక దారంతా చెట్లు, గుట్టలు, తెల్లరంగు చెక్క ఇళ్లు. మధ్యలో హౌసటానిక్ నది పలకరించి పోతుంటుంది. పులిహోర డబ్బా, పెరుగన్నం, ఓ దుప్పటి వెనక సీట్లో పెట్టుకున్నాం. ‘దుప్పటి ఎందుకురా’ అంటే ‘చూస్తావుగా’ అన్నాడు.

ఆ ఊరి పేరు లైమ్‌రాక్. సాలిస్‌బరీ అనే చిన్న పట్టణం పరిధిలోని పల్లె. 19వ శతాబ్దంలో అక్కడ ఇనుము కరిగించేవారు. అమెరికా రైళ్లకు పోత ఇనుప చక్రాలు పోసిన కొలుములు ఉండేవి. ఆ పరిశ్రమ 1920ల నాటికి చల్లారిపోయింది. తర్వాత 1957లో, ఓ కంకర గుంత ఉన్న చోట కార్ల రేసు ట్రాక్ వెలిసింది. అదే లైమ్‌రాక్ పార్క్. నిజంగానే పార్కు. పొడవు ఒకటిన్నర మైలు, ఏడు మలుపులు. ప్రేక్షకులకు మెట్ల గ్యాలరీలు లేవు. పచ్చగడ్డి గుట్ట మీద దుప్పటి పరుచుకుని కూర్చోవడమే. మా దుప్పటి రహస్యం అదన్నమాట. పక్కనే ఓ కుటుంబం మూడు తరాలతో సహా దిగింది. తాత స్టాప్‌వాచీ పట్టుకున్నాడు, మనవరాలు పుచ్చకాయ ముక్క పట్టుకుంది.

ఈ ట్రాక్‌కు ఇంకో విశేషం ఉంది. ఆదివారం అక్కడ రేసులు ఉండవు! రోడ్డుకు అవతల ట్రినిటీ చర్చి ఉంది. ఆదివారం ప్రార్థన వేళ ఇంజిన్ల రొద ఏమిటని ఊరివాళ్లు కోర్టుకెక్కారు. 1959లో కోర్టు వద్దంది. ఆ కట్టుబాటు ఇప్పటికీ నడుస్తోంది. ప్రపంచమంతా ఆదివారం రేసులు పెట్టుకుంటే, ఇక్కడివాళ్లు శనివారమే ముగించుకుని ఇంటికి పోతారు.

ట్రాక్ తొలినాళ్లలో దాన్ని నడిపించినవారిలో జాన్ ఫిచ్ అనే రేసు డ్రైవర్ ఒకరు. 1955లో ఫ్రాన్స్‌లోని లీ మాన్స్ 24 గంటల రేసులో ఆయన, పియెర్ లెవెగ్ అనే మరో డ్రైవరూ ఒకే కారును వంతులవారీగా నడపాలి. లెవెగ్ వంతులో ఆ కారు ఎగిరి జనం మీద పడింది. లెవెగ్‌తో పాటు 80 మందికి పైగా చనిపోయారు. తన వంతు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డ ఫిచ్ అది కళ్లారా చూశాడు. తర్వాతి కాలంలో ఆయన చేసిన పని అమెరికా వెళ్లొచ్చిన ప్రతి ఒక్కరూ చూసే ఉంటారు. హైవేల మీద దారి చీలే చోట వరసగా పేర్చిన పసుపుపచ్చ ప్లాస్టిక్ పీపాలు ఉంటాయే, అవి ఆయన ఆలోచనే. వాటి నిండా ఇసుక. అదుపు తప్పిన కారు వాటిని గుద్దితే పీపా పగులుతుంది, ఇసుక చెదురుతుంది, మనిషి బతుకుతాడు. ఫిచ్ లైమ్‌రాక్‌లోనే స్థిరపడి 2012లో కన్నుమూశాడు.

ముందు చూపుల తతంగం

లైమ్‌రాక్‌లో పెద్ద కంపెనీల రేసులూ జరుగుతాయి. మేం చూసింది మాత్రం క్లబ్బు రేసు. అంటే జీతం తీసుకుని నడిపేవాళ్లు కాదు. వారమంతా ఎవరి ఉద్యోగం వాళ్లు చేసుకుని, వారాంతంలో సొంత కారును ట్రాలీ మీద లాక్కొచ్చి పందెంలో దింపేవాళ్లు. గెలిస్తే చేతికొచ్చేది చిన్న కప్పు, నలుగురి చప్పట్లు. డబ్బు రాదు, పోతుంది. ఇలాంటి పోటీలు నిర్వహించే సంఘాల్లో పెద్దది స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా. 1944లో బోస్టన్‌లో పుట్టింది. హాలీవుడ్ హీరో పాల్ న్యూమన్ ఈ క్లబ్బు పోటీల్లోనే 1979, 1982, 1985, 1986ల్లో జాతీయ చాంపియన్ అయ్యాడు. లైమ్‌రాక్ ఆయనకు ఇష్టమైన ట్రాక్. 2008లో చనిపోవడానికి కొన్ని వారాల ముందు కూడా వచ్చి ఇక్కడ కారు నడిపి వెళ్లాడు.

ఈ పోటీల్లో ఉన్న సుఖం ఏమిటంటే, కార్లు నిలిపే చోటికి మనమూ వెళ్లి తిరగొచ్చు. అక్కడే నాకు ఆ బంపరు తుడిచే పెద్దమనిషి కనిపించాడు. పక్క కారుకు ఇంకొకరు పసుపు స్టిక్కరు అంకెలు అతికిస్తున్నారు. ఓ అమ్మాయి తలుపు మీది టైరు మరకను వేలితో రుద్దుతోంది. మన దగ్గర దసరానాడు వాహనపూజకు ముందు వీధివీధినా కనిపించే సందడే!

‘ఎలాగూ దుమ్ములో పరిగెత్తేదే కదా, ఈ ముస్తాబెందుకు’ అని అడిగాను. మావాడు నవ్వి, తనిఖీ జరుగుతున్న షెడ్డు దగ్గరికి తీసుకెళ్లాడు.

రేసులో దిగే ప్రతి కారూ అక్కడ ఆగాలి. డ్రైవరు చుట్టూ ఉండే ఇనుప చట్రం, సీటు బెల్టులు, మంటలార్పే సిలిండరు చూస్తారు. ఆ చూపుల్లోనే కారు పైరూపం కూడా ఒక పద్దు. క్లబ్బు నియమావళి సారాంశం ఇది: కారు శుభ్రంగా, చూడముచ్చటగా ఉండాలి. మురికిగా వచ్చినా, సొట్టలు కనిపిస్తున్నా, పైరంగు వేయకుండా అడుగుపూత ప్రైమరుతోనే తెచ్చినా, అంకెలు సరిగా లేకపోయినా పోటీకి ఒప్పుకోరు. మరీ భూతద్దం పెట్టి చూడరులెండి. క్లబ్బు రేసుల వాళ్లు చెప్పుకునే ఓ కొలత ఉంది. కారు 50 అడుగుల దూరంలో, 50 మైళ్ల వేగంతో పోతుంటే చూసేవాళ్ల కంటికి బాగుండాలి. అంతే!

అందం ఒక్కటే కాదు

తనిఖీ చేసేది ఓ పెద్దాయన. తెల్లచొక్కా, మెడలో కళ్లజోడు. ఆయనా జీతగాడు కాదు, స్వచ్ఛందంగా వచ్చినవాడే. ఖాళీ దొరికినప్పుడు అడిగాను, సొట్టకీ రేసుకీ ఏమిటి సంబంధమని.

ముందు రేకు సంగతి చెప్పాడు. లోపలికి వంగిన మడ్‌గార్డు మలుపులో టైరును రాసుకుంటుంది. కత్తిలా కోస్తుంది. వేలాడే బంపరు ఊడి దారిలో పడితే వెనకొచ్చే వాడికి గండం. అందుకే రేసు మధ్యలో ఏ కారు భాగమైనా వేలాడుతుంటే, నల్లజెండా మీద నారింజ రంగు గుండ్రం ఉన్న జెండా చూపించి పక్కకు పిలిచేస్తారు. పైకి చిన్న సొట్టే అయినా లోపల ఇరుసో, చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీయో వంగి ఉండొచ్చు.

‘ఇదంతా ఒక ఎత్తు’ అని ఆగాడాయన. ‘అసలు సంగతి వేరే. సొట్టలతో వచ్చి నిలబడ్డ కారును చూసి పక్కవాడు ఏమనుకుంటాడు? వీడికి తగిలించడం మామూలే అనుకుంటాడు. అప్పుడు తనకూ చెయ్యి వదులవుతుంది. పదిమంది అలా అనుకుంటే ఇక అది రేసు కాదు.’

బీమా మాటేమిటని మావాడు వెంటనే అందుకున్నాడు. వాడి వృత్తి అది. మామూలు కారు బీమా రేసులో జరిగిన నష్టానికి పైసా ఇవ్వదు. గుద్దినవాడు కట్టివ్వాలన్న లెక్కా సాధారణంగా ఇక్కడ ఉండదు. ఎవరి కారు పాడైతే వాళ్లే బాగుచేయించుకోవాలి. అంటే వందమైళ్ల వేగంలో పక్కపక్కనే దూసుకుపోయే ఇద్దరి మధ్య ఉండేది బీమా కాగితం కాదు. ‘నీకు చాలినంత చోటు వదులుతాను, నువ్వూ నాకు వదులు’ అనే మాట ఒక్కటే.

వెనకే నిలబడ్డ కుర్రాడికి ఇది అంతగా నచ్చలేదు. చేతులకు గ్రీజు, సొంతంగా కట్టుకున్న కారట. ‘డబ్బున్నవాడి సొట్ట సోమవారానికల్లా మాయమవుతుంది. నాలాంటివాడు మూడు నెలలు ఓవర్‌టైం చేయాలి’ అన్నాడు. నాకు సబబుగానే అనిపించింది. పెద్దాయన కోప్పడలేదు. ‘ఖరీదైన రంగు ఎవరడిగారు? సుత్తితో సాపు చేసి, పుట్టీ పెట్టి, దుకాణంలో దొరికే స్ప్రే డబ్బాతో రంగు కొట్టుకురా. నేను చూసేది నీ జేబు కాదు. తగిలిన దెబ్బను నువ్వు పట్టించుకున్నావా లేదా అని’ అన్నాడు. కుర్రాడు భుజాలెగరేసి వెళ్లిపోయాడు. మా విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ మేస్త్రీల చేతివాటం తెలిసినవాణ్ణి కాబట్టి, ఇక్కడ అలాంటివాడు ఒక్కడుంటే ఈ కుర్రాడి కష్టం తీరును కదా అనుకున్నాను.

పెద్ద మలుపు దగ్గర

మధ్యాహ్నం ముందు చిన్న మియాటా కార్ల రేసు మొదలైంది. మాజ్దా కంపెనీ చేసిన రెండు సీట్ల బుల్లి కార్లు. అన్నీ దాదాపు ఒకే శక్తి ఉండేలా నియమాలు. దాంతో ఎవరూ ఎవర్నీ సులభంగా వదిలి ముందుకు పోలేరు. గుంపులు గుంపులుగా, అరచెయ్యి సందుతో వస్తుంటాయి. ఒక్కో చుట్టుకు సుమారు నిమిషం.

మెయిన్ దారి చివర ‘బిగ్ బెండ్’ అనే పెద్ద కుడి మలుపు. ఎర్ర కారొకటి లోపలి వైపు నుంచి దూరింది. తెల్ల కారు అప్పటికే తిరగడం మొదలుపెట్టింది. ‘టప్’మని రేకుల డబ్బా మీద చరిచినట్టు చప్పుడు. తెల్లకారు గడ్డిలోకి తిరిగిపోయి, దుమ్ము లేపి, మళ్లీ దారి పట్టింది. మనుషులకేం కాలేదు. నేను వచ్చింది దీనికోసమే కదా! కానీ గుట్ట మీద ఒక్కరూ కేరింత కొట్టలేదు. స్టాప్‌వాచీ తాత తల అడ్డంగా ఊపి ‘త్చ్’ అన్నాడు. నాకు సిగ్గనిపించింది.

రేసయ్యాక ఆగలేక మళ్లీ కార్ల దగ్గరికి నడిచాం. తెల్ల కారు ముందు చక్రం మీది రేకు లోపలికి పోయింది. దాని యజమాని, యాభై ఏళ్ల మహిళ, చేతులు కట్టుకుని దాన్నే చూస్తోంది. అటునుంచి ఎర్ర కారు డ్రైవరు వచ్చాడు. పాతికేళ్లుంటాయి. ఒక చేతిలో సుత్తి, ఇంకో చేతిలో వెడల్పాటి టేపు చుట్ట. ‘తప్పు నాదే. ఆ సందు లేదని తెలిసీ దూరాను’ అన్నాడు. ఆమె వెంటనే నవ్వలేదు. కాసేపు చూసి, ‘సుత్తి ఇలా ఇయ్యి, నువ్వు వెనకనుంచి పట్టుకో’ అంది. ఇద్దరూ అరగంట కష్టపడి రేకును టైరుకు తగలకుండా బయటికి లాగారు. చిరిగిన చోట టేపు అంటించారు.

తనిఖీ పెద్దాయన వచ్చి చక్రం తిప్పి చూశాడు. ఈ రోజు తగిలిన దెబ్బే కాబట్టి, ప్రమాదం లేదు కాబట్టి సాయంత్రం దిగొచ్చన్నాడు. అయితే ఓ చిన్న పుస్తకం తీసి ఏదో రాశాడు. దాన్ని లాగ్‌బుక్ అంటారు. ప్రతి రేసు కారుకూ ఒకటి ఉంటుంది. ఎక్కడ పరిగెత్తిందీ, ఎక్కడ దెబ్బ తగిలిందీ అందులో ఎక్కుతుంది. తర్వాతి పోటీకి ఆ పుస్తకం చూసి, ఆ దెబ్బ బాగుచేశారా లేదా అని అడుగుతారు. కారు చేతులు మారినా పుస్తకం వెంటే పోతుంది.

నిమ్మకాయల రేసు

‘మరి ఈ క్లబ్బులన్నీ ఇంత పద్ధతైనవేనా’ అంటే మావాడు ఇంకో కథ చెప్పాడు. మనం కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తామా, అమెరికాలో నిమ్మకాయ అంటే పనికిరాని డొక్కు కారు. లీ మాన్స్ 24 గంటల రేసును వెక్కిరిస్తూ 2006లో కాలిఫోర్నియాలో ‘24 గంటల లెమన్స్’ అని ఓ పోటీ మొదలైంది. భద్రతకు పెట్టే ఖర్చు కాకుండా కారు విలువ 500 డాలర్లు మించకూడదు. తుప్పు పట్టినా, తలుపుకో రంగున్నా అడ్డులేదు. కొందరు కారు మీద చేప బొమ్మలూ, విమాన రెక్కలూ తగిలించుకుని వస్తారు. రూపం మీద ఏ పట్టింపూ లేదు.

అయితే అక్కడ కూడా ఒక విషయంలో మాత్రం మాఫీ లేదు. ఇంకో కారుకు తగిలించావో, నల్లజెండా. పక్కకొచ్చి న్యాయనిర్ణేతల ముందు నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలి. నవ్వుల పాలయ్యే శిక్షలూ వేస్తారు. మళ్లీ మళ్లీ చేస్తే ఇంటికే.

అదే లైమ్‌రాక్‌లో సెప్టెంబరు మొదటి వారంలో, లేబర్ డే సెలవుల్లో పాతకాలపు కార్ల పండుగ జరుగుతుంది. వెలకట్టలేని కార్లు పరిగెడతాయి. ఆదివారం రేసు నిషేధం కదా, ఆ రోజు కార్లన్నిటినీ ట్రాక్ మీదే వరసగా నిలబెట్టి జనానికి చూపిస్తారు. ఇలాంటి పాత కార్ల రేసుల్లో చాలా సంఘాలు పాటించే నియమం పేరు 13/13. నీ తప్పువల్ల కారు దెబ్బతింటే ఆ పోటీనుంచి వెళ్లిపోవాలి, 13 నెలలు నిఘా. ఆ 13 నెలల్లో మళ్లీ జరిగితే మరో 13 నెలలు బహిష్కారం.

కోట్ల కారుకైనా, 500 డాలర్ల డొక్కుకైనా సూత్రం ఒకటే. మెరుపు ఉన్నా లేకపోయినా పర్లేదు. తగిలించి తప్పించుకుపోవడం కుదరదు. తుడిచిన బంపరు వెనకున్న మర్మం నాకు అప్పుడు అర్థమైంది.

ఆదివారం పొద్దున ఫోను

సాయంత్రం ఇంజిన్లన్నీ ఆగాక ఆ లోయలో నిశ్శబ్దం ఒక్కసారిగా దిగింది. కార్లు ట్రాలీలెక్కాయి. తెల్ల కారు టేపుతోనే చివరిదాకా పరిగెత్తింది. ఎన్నో స్థానమో నేను చూడలేదు. తిరుగు ప్రయాణంలో హార్ట్‌ఫర్డ్ దగ్గరపడ్డాక, హైవే దిగే చోట ఫిచ్ పసుపు పీపాలు కనిపించాయి. ఒక పీపా పగిలి ఉంది. ఇసుక రోడ్డంతా పరుచుకుంది. ఎవరో బతికారన్నమాట.

ఇప్పుడు మొదట్లో దాచిన మాట. 2004లో విజయవాడలో మా పక్కింటాయన కొత్త మారుతి కొన్నారు. నెల తిరక్కుండానే ఓ ఉదయం నా స్కూటరు సందులోంచి తీస్తుంటే హ్యాండిల్ ఆ కారు తలుపుకు తగిలింది. గీతతో పాటు సొట్ట. చుట్టూ చూశాను. ఎవరూ లేరు. ఆఫీసుకు వెళ్లిపోయాను. సాయంత్రానికి పేపరు కుర్రాడి సైకిలు తగిలి ఉంటుందని వీధి తేల్చేసింది. నేనూ ‘అయ్యుంటుంది’ అన్నాను.

ఆ రాత్రి మావాడి ఇంట్లో నాకు నిద్ర పట్టలేదు. అమెరికాలో శనివారం రాత్రి అంటే మనకు ఆదివారం ఉదయం. పక్కింటాయనకు ఫోన్ చేశాను. సంగతి చెప్పాను. ఆయన ముందు పెద్దగా నవ్వారు. ‘ఆ కారు అమ్మేసి ఎన్నేళ్లయిందండీ! ఆటోనగర్‌లో ఓ పూటలో సాపు చేయించేశాం. ఇందుకోసం అమెరికా నుంచి ఫోనా’ అన్నారు.

నేనూ నవ్వాను. తర్వాత ఆయన గొంతు కొంచెం తగ్గింది.

‘కాకపోతే... ఆ కుర్రాణ్ణి ఏజెంటుకు చెప్పి మన వీధి నుంచి తీయించేశాం కదండీ. గుర్తుందా మీకు?’

గుర్తుంది. కొత్త కుర్రాడు పేపరు వేసిన మొదటి రోజు నాకు బాగా గుర్తుంది. ఆ పాత కుర్రాడి పేరే ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. ఊరికి తిరిగొచ్చాక మొదట వెళ్లింది ఆ ఏజెంటు దుకాణానికే. ఆయన కాలం చేశారట. కొడుకు నడుపుతున్నాడు. పాత కుర్రాళ్ల పేర్లు రాసిన పుస్తకం ఏదైనా ఉందా అని అడిగాను. అలాంటిదేమీ లేదన్నాడు.